రేవులమ్మకు కట్టిన తాళ్ళు

కోటిపల్లి రేవులో పంటు కదిలేసరికి పొద్దు బాగా ఎక్కింది. రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టిన ఆ పంటు మీద మోటారు సైకిళ్ళు, అరటిగెలలు వేసుకున్న ఆటో, పెళ్ళికి వెళ్తున్న ఒక గుంపు, ఓ చివర ఇనపకమ్మీని ఆనుకుని వెంకటస్వామి. అతని ఒళ్ళో గుడ్డసంచి ఉంది. అందులోంచి జానెడు కొబ్బరితాడు బయటికి వేలాడుతోంది. తేనెరంగులో, ఇంకా పచ్చి పీచు వాసన వదలని తాడు.

గోదావరి మీద పంటుకి ఒక గుణముంది. బస్సులో పక్కపక్కన కూర్చున్నవాళ్ళు ఊరు చేరేదాకా ఎవరి కిటికీలోంచి వాళ్ళు చూస్తారు. పంటు ఎక్కిన మనిషికి మాత్రం నోరు ఊరుకోదు. కాళ్ళ కింద నేల లేదన్న సంగతి మరిచిపోవడానికో, అవతలి గట్టు ఎక్కాక మళ్ళీ ఎవరి ముఖం ఎవరు చూస్తారన్న ధీమాతోనో, సొంత అన్నదమ్ములకి చెప్పని మాటలు కూడా పక్కవాళ్ళకి చెప్పేస్తారు. ఈ దేశంలో చాలా నదుల మీద, చాలా రేవుల్లో ఇదే వరస. గౌతమి వెడల్పు కాబట్టి ఇక్కడ మాటలు మరికాస్త ఎక్కువ.

పక్కన నిలబడ్డ ఆవిడకి నలభై ఏళ్ళుంటాయి. నీలం నేతచీర, భుజానికి బరువైన సంచి, మెడలో సన్నగొలుసుకి చిన్న శిలువ. చాలాసేపు నీళ్ళ వైపు చూసి, తాడు వైపు చూసింది.

"చేత్తో పేనిందేనాండీ?"

"ఆయ్. నేనే పేనేనండి."

"కొట్లో దొరకదేంటండీ?"

"దొరక్కేమండీ! అమ్మవారికి కొన్న తాడు కడతామా?" అన్నాడు వెంకటస్వామి నవ్వుతూ. అక్కడితో ఆగాడా, ఆగలేదు. "నాది పీచు మిషన్ల షెడ్డండి, ముక్తేశ్వరం అవతల. కె.గంగవరంలో ఒక మిషను బిగించి వస్తన్నా. బిగించేక మొట్టమొదట పడ్డ పీచు ఉంటది చూడండి, అది కొన్నవాళ్ళకి ఇవ్వనండి. అక్కడే కూచుని తాడు పేనుకుంటాను. తెచ్చి మా రేవులమ్మకి కడతాను. మిషనుకో తాడు. మా అమ్మ పెట్టిన మొక్కండి."

"ప్రతి మిషనుకీనా?"

"ఒక్కటి తప్పలేదండీ బాబూ. జొరమొచ్చి పడుకున్నా లేచెళ్ళి కట్టేను. మనుషుల కాడ అటూ ఇటూ అవ్వచ్చు గానండీ, ఆవిడ కాడ అవకూడదు."

ఆవిడ తలూపింది. "మంచి అలవాటండి," అంది.

అప్పుడు మోగింది వెంకటస్వామి ఫోను. అవతల భార్య భవాని. ఆమె ఫోనులో మాట్లాడితే పంటు మీద సగం మందికి వినపడుతుంది.

"ఎక్కడున్నారు? మాస్టారి ఆడిటరు గారు ఇవాళే వచ్చేస్తన్నారంట! రాజమండ్రి ఆఫీసు నించి ఫోను చేసేరు. ఆడమనిషంట. కోటిపల్లి మీంచే వస్తన్నారంట. వింటన్నారా?"

విన్నాడు. విన్నది తనొక్కడే కాదు. ఫోను జేబులో పెట్టుకుని తలెత్తేసరికి పక్కనున్నావిడ అతన్నే చూస్తోంది. ఆ చూపులో గెలుపేం లేదు. ఇబ్బందే ఉంది.

"వెంకటస్వామి గారంటే మీరేనన్నమాట," అంది. "నా పేరు కరుణండి."

నది మీద చల్లగాలి వీస్తోంది. వెంకటస్వామి చొక్కా మాత్రం వీపుకి అతుక్కుపోయింది. తాడు కొసని సంచిలోకి దోపాడు. ఆవిడ చూస్తుండగా దోపానని, దోపాక తెలిసింది.

*

ఒకప్పుడు అరబ్బు నావికులు ఇనపమేకు అన్నదే లేకుండా, పలకలన్నీ కొబ్బరితాళ్ళతో కుట్టిన ఓడల్లో సముద్రాలు దాటేవారట. ఉప్పునీటికి ఇనుము తుప్పు పడుతుంది, పీచు బిగుస్తుంది. అంత గట్టి సరుకుని డొక్కలోంచి, అంటే కొబ్బరికాయ మీది తొక్కలోంచి, బయటికి లాగడం మాత్రం కోనసీమలో ఆడవాళ్ళ చేతుల పని. డొక్కల్ని నెలల తరబడి కాలవల్లో కుళ్ళబెట్టి, కర్రలతో బాది బాది పీచు తీసేవారు. వెంకటస్వామి తల్లి అలా బతికిన మనిషి. కొడుకు తలకి నూనె రాస్తే వెంట్రుకలు ఆమె అరచేతి పగుళ్ళలో చిక్కుకునేవి.

కొడుకు వెల్డింగు నేర్చాడు, లేతు మీద పని నేర్చాడు. అమలాపురంలో ఒకరి షెడ్డులో కూలికి ఉన్నప్పుడు పాలిటెక్నిక్కు నుంచి బాలగంగాధరం మాస్టారు సైకిలు మీద వచ్చేవారు. ఆచారం గల మనిషి, ఎక్కడా మంచినీళ్ళు కూడా ముట్టరు. నల్లగా మడ్డి కారే ఆ షెడ్డు నేల మీద మాత్రం పంచె ఎగ్గట్టి గొంతుక్కూర్చుని సుద్దముక్కతో బొమ్మ గీసేవారు. అప్పట్లో ఉన్న పీచు మిషన్లలో డొక్కతో పాటు చెయ్యి కూడా లోపలికి పోయేది. బండారులంక దగ్గర ఒక ఆడకూతురు చెయ్యి అలా నుజ్జయిపోవడం ఆయన కళ్ళారా చూశారట. చెయ్యి దూరని మూతి, ఎండుడొక్కని నానబెట్టకుండానే చీల్చే పళ్ళ డ్రమ్ము ఆయన ఆలోచన. దాన్ని ఇనుములోకి దించింది వెంకటస్వామి. పేటెంటు మాస్టారి పేర వచ్చింది. చేసి అమ్ముకునే లైసెన్సు వెంకటస్వామికి రాసిచ్చారు. ప్రతి మిషనుకీ మాస్టారు నంబరు వేసిన ఇత్తడి రేకు ఇస్తారు, వెంకటస్వామి యంత్రానికింతని రాయల్టీ ఇస్తాడు. అదీ ఒప్పందం.

మొదటి మిషను ఆడిన రోజు తల్లి దాని ముందు చాలాసేపు మాట లేకుండా నిలబడింది. తర్వాత పడ్డ పీచు ఒడిలోకి ఎత్తుకుని, తాడు పేని, కాలవగట్టు మీద రేవులమ్మ గుడికి తీసుకెళ్ళి కట్టింది. "నా చేతులు కొట్టుకున్నది చాల్లే అమ్మా," అని మొక్కిందట. అలా మొదలైంది. ఆమె పోయాక కొడుకు కడుతున్నాడు. తాళ్ళు ఎక్కువయ్యాయని గుడి ముందు ఇనపగొట్టం ఒకటి తనే వెల్డింగు చేసి నిలబెట్టాడు.

మరి మాస్టారికి చెప్పకుండా మిషన్లు దాచడం ఎప్పుడు మొదలైందంటే, కొబ్బరి ధర పడిపోయిన ఒక ఏడు. భవాని తమ్ముడికి మిషను వాయిదాల మీద ఇచ్చాడు. డబ్బు చేతికొచ్చాక మాస్టారికి చెబుదాంలే అనుకున్నాడు. డబ్బు వచ్చింది, చెప్పలేదు. అడిగిన వాళ్ళు లేరు. ఆ తర్వాతది చెప్పకపోవడానికి అంత ఆలోచన పట్టలేదు. ఇత్తడి రేకు లేకుండా, రసీదులో 'రిపేరు' అని రాసి పంపేసేవాడు. పంపిన ప్రతిసారీ తాడు మాత్రం కట్టేవాడు. మాస్టారి దగ్గర దాచినట్టు అమ్మవారి దగ్గర దాచడం అతని ఊహకే అందలేదు. కట్టిన తాడు ఎవరైనా లెక్కపెడతారనీ తోచలేదు. మొక్కుని లెక్కపెట్టే మనుషులు ఈ సీమలో ఉండరు.

నెల కిందట మాస్టారి తరఫున కాగితం వచ్చింది. లెక్కలు తనిఖీ చేస్తారని, కొద్ది తేడా అయితే వడ్డీతో కట్టాలని, పెద్ద తేడా అయితే లైసెన్సు రద్దని. లైసెన్సు పోతే ఇక గేట్లు, కిటికీ ఊచలు అతుక్కుంటూ బతకాలి. దానికి వెంకటస్వామి భయపడ్డాడు. కానీ అసలు గుండె జారింది, కాగితం అడుగున మాస్టారు స్వహస్తంతో రాసిన రెండు ముక్కలు చూసి. "మా అమ్మాయి పోరు పడలేక ఒప్పుకున్నాను స్వామీ. నీ మీద అనుమానం కాదు."

ఆ రెండు ముక్కలు చదివినప్పటి నుంచీ అతనికి అన్నం సయించడం లేదు.

*

రేవు నుంచి ఆటోలో ఇద్దరూ ఒకే సీటు మీద వచ్చారు. వేరే ఆటో లేదు. దారంతా ఆవిడ కొబ్బరితోటల గురించే అడిగింది. తనది రాజోలు వైపట. నాన్న బడిపంతులట. తాడు మాట ఎత్తలేదు.

షెడ్డులోనూ ఎత్తలేదు. బిల్లులు చూసింది, కరెంటు కాగితాలు చూసింది, గోడకి ఆనించిన డ్రమ్ముల్ని, పళ్ళు కోయగా మిగిలిన ఇనపముక్కల్ని చూసింది. ఏ వస్తువునీ అడక్కుండా ముట్టుకోలేదు. అన్నీ సరిపోయాయి. సరిపోయేలా వెంకటస్వామి ఎప్పుడో చూసుకున్నాడు. దొంగలెక్కకి ఉన్నంత శుభ్రత నిజం లెక్కకి ఉండదు. నిజాయితీపరుడి పద్దుల్లో కొట్టివేతలుంటాయి, నూనె మరకలుంటాయి. వెంకటస్వామివి పెళ్ళిశుభలేఖల్లా ఉన్నాయి.

"రిపేర్లు బాగా ఎక్కువున్నాయండీ," అంది కరుణ.

"ఆయ్. మోటుగా వాడతారండి. అరిగిపోతాయండి."

"డ్రమ్మేనా అరిగేది?"

"ఆయ్, డ్రమ్మేనండి."

"ఇది అంత తొందరగా అరగదన్నారండి మాస్టారు. మీ చేతి పని గురించి ఎంత గొప్పగా చెప్పేరో! స్వామి వేసిన అతుకు నా తర్వాత కూడా ఉంటుందన్నారు."

"అబ్బే, అదేం లేదండీ. నా పని... అంత గట్టిది కాదండి," అన్నాడు వెంకటస్వామి.

లేతు దగ్గరున్న పనివాడు చప్పున తిరిగి చూశాడు. తన అతుకు ఊడిందని ఎవరైనా అంటే గొడవకి దిగే యజమాని, ఇవాళ తన చేతిని తనే తిట్టుకుంటున్నాడు. కరుణ కలం మూత పెట్టింది.

తాడు గురించి అడుగు తల్లీ, అడిగేసెయ్, అని లోపల ఒకటే గోల. అడిగితే ఏదో ఒక అబద్ధం చెప్పి ఒడ్డున పడచ్చు. అడగని మనిషి ముందు అబద్ధం కూడా ఆడలేం. చూసీ చూడనట్టున్న ఆ కళ్ళు ఎప్పుడు, ఏ మాట దగ్గర ఆగుతాయో తెలియక, అతను కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు.

మధ్యాహ్నం భవాని పనసపొట్టు కూర చేసి పెట్టింది. ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెట్టకుండా పంపడం, ఆవిడ కొంప ముంచడానికి వచ్చినా సరే, భవానికి చేతకాదు. వడ్డించి, చెయ్యి కడుక్కునే వంకతో మొగుణ్ణి పంపు దగ్గరికి లాక్కెళ్ళింది.

"ఏంటండీ ఆ చెమట? జొరమొచ్చిన గేదెలాగున్నారు. ఏం పట్టుకుంది ఆవిడ?"

"ఏమీ పట్టుకోలేదు."

"మరింకేంటి?"

"పంటు మీద తాళ్ళ సంగతి చెప్పేసేనే."

భవాని చెంబు కింద పెట్టేసింది. "నా తల్లే! ఊరందరి నోళ్ళూ మూయించుకొచ్చేరు, మీ నోటికి మాత్రం మూత దొరకలేదా?"

"ఆడిటరని నుదుట రాసుకుని తిరుగుతారేంటే?"

"ఆడవాళ్ళు కనపడితే చాలు, మీ గొప్పలు! వెళ్ళండి. ఆవిడ మజ్జిగలో ఉండగానే వెళ్ళి విప్పేసి రండి." ఇంత అని, మొగుడు రెండడుగులు వేశాడో లేదో, వెనకనుంచి చొక్కా పట్టుకుంది. "వద్దొద్దు! విప్పకండి. మా తమ్ముడి కూతురు నీళ్ళోసుకుని ఉంది. అమ్మవారి తాడు విప్పితే ఏమన్నా జరిగితే?"

"మరేం చెయ్యమంటావే?"

"నన్నడుగుతారేంటి? దాచేటప్పుడు అడిగేరా?"

అతను సంచి భుజాన వేసుకుని, పెరట్లో దిమ్మ మీదున్న కొబ్బరికాయలు కొట్టే కత్తి తీసుకుని, కాలవగట్టు ఎక్కాడు.

*

రేవులమ్మ గుడి పెద్దదేం కాదు. మనిషి నిలబడితే తల తగిలే గది, సున్నం గోడలు, ముందు సిమెంటు మెట్టు. పక్కన ఇనపగొట్టం, దాని నిండా తాళ్ళు. వెంకటస్వామి చెప్పులు విడిచి మెట్టెక్కాడు.

దాచినవి మాత్రం కోసేస్తే చాలు. మిగిలినవి కాగితాలతో సరిపోతాయి. దారంతా ఇదే అనుకుంటూ వచ్చాడు. తీరా వచ్చాక తెలిసింది, ఏది దాచినదో ఏది చెప్పినదో తాడుని చూస్తే తెలియదు. పాతవి వానకి నల్లబడ్డాయి, కొత్తవి ఇంకా ఎర్రగా ఉన్నాయి, అంతే తేడా. అన్నిటికీ ఒకటే ముడి. తల్లి నేర్పిన ముడి. గొట్టం మొదట్లో, అన్నిటికన్నా అడుగున, బొగ్గులాగా మారిన ఆమె తాడు ఉంది.

అతను కత్తి పైకెత్తాడు. ఎత్తిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

లోపలున్న విగ్రహానికి వెండికళ్ళు. ఏ మూల నిలబడ్డా మనిషినే చూస్తున్నట్టుంటాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్న కళ్ళే, ఎప్పుడూ భయం వెయ్యలేదు. ఇవాళ వేసింది. ఆడిటరు మీద భయం పొట్టలో ఉంది, ఈ భయం ఎముకల్లో ఉంది. కొయ్యాలి. కొయ్యలేడు. కొయ్యకపోతే కూడా ఎలా?

వెనక ఎండుటాకు నలిగింది.

గిరుక్కున తిరిగాడు. మెట్టుకి కాస్త ఇవతల కరుణ నిలబడి ఉంది. ఆవిడ ముఖం పాలిపోయింది. సంచిని రెండు చేతులతో గుండెకి అదుముకుంది. ఎందుకు అలా చూస్తోందో అతనికి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత తన చేతిలో కత్తి కనపడింది.

"అయ్యో! మీకోసం కాదండీ," అని కత్తి గడ్డిలోకి విసిరేశాడు. "రాముడి మీద ఒట్టండి, మీకోసం కాదు!"

"తెలుసండీ," అంది కరుణ. "తెలిసినా భయమే కదండీ. పోయినేడు ఒకళ్ళు నన్ను గోడౌన్లో పెట్టి తాళమేసేరు. అప్పట్నించీ తలుపు దగ్గరగానే కూర్చుంటున్నాను."

ఆవిడ వచ్చి గుడి మెట్టు మీద కాకుండా, పక్కన గట్టు మీద కూర్చుంది. కాలవలో గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా కొట్టుకుపోతోంది.

"పొద్దుట్నించీ ఎందుకు అడగలేదండీ మీరు?" అన్నాడు వెంకటస్వామి. అడగకుండా ఉండలేకపోయాడు.

"మీరు పంటు మీద చెప్పింది ఆడిటరుకి కాదండి. పక్కనున్న మనిషికి. అది పట్టుకుని మిమ్మల్ని నిలదియ్యడానికి నాకు మనసొప్పలేదు. కానీ విన్నదాన్ని విననట్టు ఉండలేనండి. మాస్టారు నన్ను పెట్టుకున్నారు. రేపటి నుంచి మీ రిపేరు రసీదుల మీదున్న ఊళ్ళన్నీ తిరుగుతాను. రేకు లేని మిషన్లు దొరుకుతాయి. తాళ్ళు నేను లెక్కపెట్టనండి, ఆ అవసరం రాదు."

"లైసెన్సు పోద్దాండీ?"

"అది మాస్టారి చేతిలో ఉందండి. పొమ్మనే హక్కు ఆయనకుంది, ఉండనిచ్చే హక్కూ ఉంది. ఆయన ముందుకి ఇది నా కాగితంగా వెళ్తే ఒక రకం, మీ నోటి మాటగా వెళ్తే ఇంకో రకం. ఎలా వెళ్తే మీకు మంచిదో నేను చెప్పకూడదండి." మళ్ళీ తనే, నెమ్మదిగా, "కాగితం రాయడానికి నాకు వారం పడుతుంది," అంది.

అమలాపురంలో మాస్టారి వాకిట్లో పడకకుర్చీ, పక్కన చేతికర్ర, 'ఏరా స్వామీ' అన్న పిలుపు వెంకటస్వామి కళ్ళకి కట్టాయి. లైసెన్సు పోతే పోయింది, గేట్లు అతుక్కుంటాడు. ఆ పిలుపు తర్వాత ఆయన ముఖం ఎలా మారుతుందో, అది చూడాలి. ఇన్నాళ్ళూ తను భయపడ్డది దానికేనని, ఆడిటరు, వడ్డీ అన్నీ దాని మీద కప్పుకున్న దుప్పట్లని అప్పుడు తెలిసింది. తెలిసినంత మాత్రాన భయం తగ్గలేదు. ఇంకా పెరిగింది. పళ్ళు కరుచుకుని సంచిలో చెయ్యి పెట్టాడు.

పొద్దున పేనిన తాడు తీశాడు. కె.గంగవరం మిషనుకి ఇత్తడి రేకు లేదు. గొట్టానికి తాడు చుట్టి ముడి వేయబోతే రెండుసార్లు జారింది. మూడోసారి ముడి పడింది. తల్లి తాడుని ఒకసారి చేత్తో ముట్టి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుని మెట్టు దిగాడు.

"ఏమండీ?" అంది కరుణ.

అతను గట్టు మీద నడిచిపోతున్నాడు. షెడ్డు వాకిట్లో భవాని మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. "ఎక్కడికండీ? ఏమైంది? విప్పేరా?" అని అడుగుతూ నాలుగడుగులు వెంటపడింది. అతను ఆగలేదు, తల తిప్పలేదు. ఈ సీమలో పక్కవీధికి వెళ్ళే మనిషి కూడా 'వెళ్ళొస్తా' అనకుండా గడప దాటడు. అలా అనని మనిషి వెనక ఇంటివాళ్ళ ప్రాణం కొట్టుకుంటుంది. వెంకటస్వామి ఆ మాట భార్యకీ చెప్పలేదు, ఇంటికొచ్చిన ఆవిడకీ చెప్పలేదు.

"మీ చెప్పులండీ!" అని గట్టు మీంచి కరుణ కేకేసింది. "చెప్పులు ఇక్కడే ఉండిపోయేయండీ!"

అప్పటికే అతను వట్టికాళ్ళతో తారురోడ్డు ఎక్కేశాడు. రోడ్డు మండిపోతోంది. అమలాపురం బస్సు కోసం కూడా ఆగకుండా, అటువైపే నడుస్తున్నాడు.